జపాన్ పాటకు నేను చెప్పిన అర్థం

విద్యార్థులతో కిక్కిరిసిన కేంబ్రిడ్జ్ బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగమ్మాయి పాట వింటూ కళ్ళు తుడుచుకుంటోంది. చదువు పూర్తయి, రూమ్మేట్లు నలుగురూ ఆ ఉదయమే తలో ఊరికి వెళ్ళిపోయారట.

"జపనీస్ పాట. వింటారా అంకుల్?" అని ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చింది.

"జపాన్‌లో పదేళ్ళున్నాను, ప్రతి ముక్కా తెలుసు," అన్నాను. "వయసు ఎక్కడికీ పోదమ్మా, వచ్చే స్టాపులో దిగి మనకోసం నిలబడి ఉంటుంది అంటున్నాడు."

ఫక్కున నవ్వింది. "నేను జపనీస్ నేర్చుకున్నా అంకుల్. వెళ్ళిన వయసు ఇక రాదంటున్నాడు."

దొరికిపోయాను. "జపాన్ మ్యాపులోనే చూశానమ్మా," అని ఒప్పుకున్నాను.

"పర్లేదు, మీ పాటే బాగుంది. మళ్ళీ చెప్పండి, మా రూమ్మేట్లకి వాయిస్ మెసేజ్ పెడతా," అని ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది.

అంత సులువుగా ఆడిన అబద్ధమే. రెండోసారి చెప్పబోతే నా హాస్టల్ మిత్రులు గుర్తొచ్చి "వచ్చే స్టాపులో" దగ్గరే ఆగిపోయాను.