ఒక గది కోసం మూడంతస్తుల బేరం

మా వీధిలో ఇల్లు పెంచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పెంచుకోవడానికి పర్మిషన్ అడగబోయి, ఉన్న ఇంటిని తగ్గించుకున్న వాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఘనకార్యంలో ఇంకెవరి చెయ్యీ లేదు. పోయినేడాది పూర్తిగా నా సొంత తెలివితో సాధించాను.

మాది నెల్లూరులో వలలు, తాళ్ళు అమ్మే అంగడి. మా నాన్న పెట్టినది. మైపాడు నుంచి, జువ్వలదిన్నె నుంచి వచ్చినవాళ్ళకు తాడు చుట్ట తొమ్మిది వందలని చెబుతాం. వాళ్ళు నాలుగు వందలంటారు. మేం గుండె పట్టుకుంటాం. వాళ్ళు మెట్లు దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. చివరికి ఆరొందల యాభైకి తెగుతుంది. ఇందులో మోసమేమీ లేదండీ, ఆరొందల యాభై అని ఇద్దరికీ ముందే తెలుసు. మొదటి మాటగా అసలు మాటే చెప్పేసేవాడంటే మా ఇంట్లో అందరికీ జాలి.

ఇల్లు వరసలో ఉంది. కుడిగోడ పక్కింటి మస్తానన్నదీ మాదీ, ఎడమగోడ ఇంకొకరిదీ మాదీ. పెరగాలంటే పైకే పెరగాలి. నా భార్య సలోమి ముందు వసారాలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. క్రిస్మస్‌కు మా చర్చిలో సగం మంది వేసుకునేవి ఆమె కుట్టినవే. అంతకుముందు ఏడు జల్లు కొట్టి ఒక పెళ్ళికూతురి తెల్ల జాకెట్టు మీద పక్క గుడ్డ రంగు దిగింది. అప్పటినుంచి ఆమెది ఒకటే మాట.

"మిద్దె మీద పది బై పన్నెండు గది కావాల. డిసెంబరు లోపల. లేదంటే ఈ ఏడు ఒక్క గుడ్డ కూడా పట్టను."

ప్లాన్లు గీసే సర్వేయరు ప్రసాదు దగ్గరికి వెళ్ళాను.

"ఎంత గది కావాలన్నా?"

"మూడంతస్తులు గీయి."

అతను పెన్సిలు కింద పెట్టాడు. "మీరుండేది ఇద్దరు గదన్నా?"

"గీయవయ్యా. మునిసిపల్ ఆఫీసువాళ్ళు రెండు కొట్టేస్తారు. మూడోదాంట్లో సగం కోస్తారు. మిగిలిందే మా గది."

"అది అంగడి కాదన్నా. చిన్న గదికైతే ఊరికే కంప్యూటర్లో పెడితే అయిపోద్ది, కొలవడానికి ఇంటికి కూడా ఎవురూ రారు."

"నువ్వు ఇంకా పిల్లోడివి. లిఫ్టు కూడా పెట్టు."

"లిఫ్టా?"

"కొసరుకి. వాళ్ళు తీసేయమన్నప్పుడు తీసేయడానికి ఏదో ఒకటి ఉండాల గదా."

అలా వీధి మీదికి ఒక బాల్కనీ కూడా చేరింది. పదిహేనడుగుల వెడల్పున్న మా ఇల్లు కాగితం మీద అగ్గిపెట్టెను నిలబెట్టినట్టు లేచింది. అంత విస్తీర్ణానికీ ఫీజు కట్టేటప్పుడు నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాను.

ఇక నిద్ర లేదు. పొద్దున అంగడి తెరవడానికి ముందొకసారి, మధ్యాహ్నం భోంచేయకుండా ఒకసారి మునిసిపల్ ఆఫీసుకు పోయేవాణ్ణి. ఫోను మోగితే వల కొనేవాణ్ణి వదిలేసి బయటికి పరిగెత్తేవాణ్ణి. మబ్బు పట్టినప్పుడల్లా సలోమి మిషను మీద పాత ఫ్లెక్సీ కప్పి నావైపు చూసేది.

పదకొండో రోజున టౌన్ ప్లానింగ్ మేడం లోపలికి పిలిచింది.

"ఇంత స్థలంలో మూడంతస్తులకి కుదరదండీ. లిఫ్టుకి అసలు చోటు లేదు."

నా ప్రాణం లేచొచ్చింది. బేరం మొదలైంది. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"సరే మేడం, లిఫ్టు తీసేయండి."

"నేను తీసేదేముంది?"

"ఒక అంతస్తు కూడా తగ్గించుకోండి. మీరు పెద్దవాళ్ళు, అడిగినారు."

"నేను అడగలేదండీ."

"పోనీ, మీరే ఒక మాట చెప్పండి."

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "మీరు పెట్టినదానికి ఔనో కాదో చెప్తాం. అంతే. రేపు మావాళ్ళు వచ్చి కొలుస్తారు."

లేచి వాకిలి దాకా నెమ్మదిగా నడిచాను. వెనక్కి పిలుస్తుందని. ఆమె తరువాతి ఫైలు తెరిచింది.

మర్నాడు ఇద్దరు టేపు పట్టుకుని వచ్చారు. ఒకాయన వెనక గోడ దగ్గర, ఒకాయన సలోమి మిషను దగ్గర.

"దస్తావేజులో పొడవు ముప్పై ఆరడుగులుండాది. మీ ఇల్లు ముప్పై తొమ్మిదొస్తా ఉంది."

"మూడడుగులు కలిసొచ్చింది, మంచిదే గదా," అన్నాను.

"కలిసి రాలేదు. వీధిలోది కలుపుకున్నారు. ఈ వసారా కాలవ మీద ఉండాది."

ఆ వసారా మా నాన్న కట్టించాడు. ఎవరితో బేరమాడి కట్టించాడో ఇప్పుడు అడగడానికి లేదు. మస్తానన్న గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏందబ్బా, మూడంతస్తులన్నావు, కిందది కూడా పెరుకుతుండారా?"

"నువ్వు లోపలికి పో అన్నా."

"పోతా. ముందు నా మెట్టు లోపలికి తీసుకోవాల. టేపు ఇటు తిప్పొద్దని చెప్పు."

వారం తరువాత రెండు కాగితాలొచ్చాయి. ఒకటి మూడంతస్తులకు తిరస్కరణ. ఇంకొకటి వసారా తొలగించమని నోటీసు. మొదటి వాన పడే నాటికి వసారా లేదు. మిషను ఆటోలో ఎక్కి మా అంగడికి వచ్చి, తాళ్ళ చుట్టల మధ్య కూర్చుంది. దాని వెనక సలోమి కూర్చుంది. ఆ డిసెంబరులో మా చర్చి గౌన్లకు కొంచెం నైలాను వాసన ఉంటే, కారణం ఇదే.

కాబట్టి కొలత టేపు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఆఫీసులోనైనా నాకు కావలసింది కావలసినంతే అడుగుతాను. అంగుళం కొసరు కూడా ఎక్కువ చెప్పను. వాకిలి దాకా నడిచి వెనక్కి చూడను.

ఇక మొత్తం లెక్క. అడిగింది మూడంతస్తులు, లిఫ్టు, బాల్కనీ. వచ్చింది రెండు కాగితాలు. పోయింది మూడడుగుల వసారా, వెనక్కి రాని ఫీజు, కూల్చిన కూలి, మస్తానన్న ముందు పరువు. ఇంకా ఇవ్వవలసింది సలోమికి ఒక గది. పది బై పన్నెండు చాలన్న మనిషి, నెల రోజులు అంగడిలో కూర్చుని నా బేరాలు విన్న తరువాత, ఇప్పుడు పదమూడు బై పదహారు అంటోంది.

ఎంతకు తెగుతుందో అడగలేదు. ఒప్పుకున్నాను.