తీగ మీది కవర్లు

పదిహేను రోజుల కింద ఒక పొద్దున కడప ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రాజంపేటలో మా పక్కింటి మందుల అంగడి మామ ఇక లేడని. మాకు చుట్టరికం లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి మామా అనే పిలిచాను. కాలికి నాపరాయి పెచ్చు గీసుకుని పుండైంది. షుగర్ ఉంది కాబట్టి ఆలస్యం చేయకుండానే చూపించుకున్నాడు. అయినా ఆ పుండులోని క్రిమికి ఏ యాంటీబయాటిక్ ఎక్కించినా లొంగలేదట.

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

మామ అంగట్లో, ఆయన కూర్చునే కుర్చీ వెనక, గోడకు ఒక తీగ ఉండేది. బట్టలకు పెట్టే క్లిప్పులతో దానికి చిన్న చిన్న కాగితపు కవర్లు వేలాడేవి. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో అలంకారం అనుకునేవాళ్లు.

ఆ తీగ వెనక కథ ఇది. మా వీధి చివర డాక్టరమ్మ జలుబుకు యాంటీబయాటిక్ రాయకపోతే, జనం నేరుగా మామ దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. చీటీ లేనిదే ఇవ్వనని మామ అంటే, తిరిగి వెళ్లి ఆమెతో పోట్లాడేవాళ్లు. ఒకరోజు మామ అంగడి మూసి ఆమె దగ్గరికే వెళ్లాడు.

"ఈడ ఇయ్యకుంటే ఆడికి, ఆడ రాయకుంటే ఈడికి తిరుగుతాండారు మేడమ్. మనిద్దరం ఒకటే మాట మీద ఉండాల" అన్నాడట.

అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే పద్ధతి. మందు అక్కర్లేదని డాక్టరమ్మకు తెలిస్తే రాయదు. ఎటూ తేలకపోతే రాస్తుంది, కానీ చీటీ మీద 'ఆగి' అని ఒక మాట చేరుస్తుంది. ఆ మాత్రలను మామ కవర్లో పెట్టి, పైన పేరు రాసి, తీగకు తగిలిస్తాడు. జ్వరం తగ్గకపోతే ఆమె మళ్లీ చూస్తుంది, అప్పుడే కవరు కిందికి దిగుతుంది. తగ్గితే మాత్రలు అలమరలోకి వెనక్కి పోతాయి. చాలా కవర్లు అలాగే పోయేవి.

దీనికి ఆయన పడిన మాటలు అన్నీ ఇన్నీ కావు. మంగంపేట గనులకు లారీలు తిప్పే పెద్దాయన ఒకసారి దగ్గుతో వచ్చాడు. డాక్టరమ్మ చీటీలో 'ఆగి' అని ఉంది.

"ఏమప్పా, అంగడి పెట్టింది మందులు అమ్మేదానికా, ఆరేసేదానికా? పవరుండే మాత్ర ఒగటి ఇయ్యి."

"దగ్గు దానంతట అదే పోతాది. మాత్రిచ్చి నేనే పోగొట్టినానని పేరు తెచ్చుకునేది నాకొద్దు."

"శానా తెలివి నేర్చినావు."

"నీకు ఇయ్యకూడదని కాదప్పా. రేపు నిజంగా కావాల్సొచ్చినప్పుడు పని చేయాలని దాచిపెడతాండా."

'పవర్' అనే మాటంటే మామకు గిట్టదు. నాకప్పుడే మాటల మీద ఇష్టం మొదలైంది. దానికి బదులు ఏమనాలని అడిగాను. "అవసరం అను. ఆ మాటతో అడగాల్సొస్తే సగం మంది అడగకుండానే ఇంటికి పోతారు" అన్నాడు.

అలాగని ఆయనది మొండితనం కాదు. చర్చి వీధి అవ్వ ఒకామె దగ్గు మందుకని వచ్చి, మెట్టు మీదే ఆయాసపడుతూ కూర్చుండిపోతే, తనే ఆటోలో ఎక్కించి తీసుకెళ్లాడు. "ఈమెకు తీగ లేదు, ఇప్పుడే మొదలుపెట్టాల" అంది డాక్టరమ్మ. మాత్రలు అయిపోయేదాకా మామ రోజూ అవ్వ గడప దగ్గర ఆగి, "మధ్యలో నిలిపినావా ఏమవ్వా?" అని అడిగి వెళ్లేవాడు. అవ్వ ఈ రోజుకీ కూరగాయలు అమ్ముతోంది.

ఇప్పుడు నా కోపం సంగతి. అక్కర్లేకపోయినా మందు మింగితే, ఆ ఒంట్లోని క్రిమి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. నేర్చుకున్నది అక్కడే ఉండదు, ఎవరి పుండులోకైనా వస్తుంది. మనం తుమ్ముకొకటి మింగాం. అడిగిందే తడవు ఇచ్చే అంగళ్లను మంచివన్నాం. ఇవ్వనివాడిని పిచ్చోడన్నాం. చివరికి ఆ పిచ్చోడికి కావాల్సిన రోజున మందు పని చేయలేదు.

అంత్యక్రియల దగ్గర లారీల పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "శానా మంచోడు. పవరుండే మందు ముందే ఏసుకోనింటే బతుకుతాండె, పాపం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. డాక్టరమ్మ ఏదో అనబోయి మామ ముఖం చూసి ఆగిపోయింది. ఆమె ఆగింది. నేనెందుకు ఆగాలి? అందుకే రాస్తున్నాను.

కర్మలు అయ్యాక అత్త షట్టర్ ఎత్తింది. డాక్టరమ్మ, నేను లోపలికి వెళ్లాం. మామ గుండ్రటి చేతిరాతతో, ఎవరూ అడగడానికి రాని కవర్లు తీగ మీద ఉన్నాయి. ఒకదాని మీద లారీల పెద్దాయన పేరు ఉంది, మామ ఆసుపత్రిలో చేరకముందు ఆయనకు మళ్లీ దగ్గొస్తే తగిలించింది. దగ్గు ఎప్పుడో పోయి ఉంటుంది, ఆయనకు గుర్తు కూడా ఉండదు. ఉక్కగా ఉందని అత్త ఫ్యాన్ వేసింది. కవర్లన్నీ ఒక్కసారి కదిలాయి. పెద్దాయన కవర్లో మాత్రలు, ఒక్కటీ చింపని అట్టతో, గలగలమన్నాయి.