జయమ్మ కోళ్ళకి పెరుగన్నం

పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు కాంపౌండరుగా చేసినవాణ్ణి నేను, ముత్యాలరాజుని. పిడుదుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని పంతొమ్మిది వందల డెబ్భై ఆరు దాకా తెగ విర్రవీగేను. ఆ పొగరు దింపింది మలికిపురం దగ్గర మా ఊరి జయమ్మ. దింపింది కూడా ఏ పెద్ద చదువుతోనో కాదండోయ్, తొమ్మిది కోళ్ళతో!

జయమ్మ క్రైస్తవుల పేటలో ఉండేది. భర్త ఏసుదాసు కొబ్బరి దింపు తీసేవాడు. ఎవరి గొడ్లసావిట్లో పిడుదులున్నాయంటే అక్కడికి పొద్దున్నే కోళ్ళని గంపలో పెట్టుకెళ్ళి వదిలేది. గింజ కూడా వేసేది కాదు వాటికి. గేదెలు పడుకుని నెమరేస్తుంటే ఆ కోళ్ళు వీపులెక్కి, పొదుగు కింద దూరి, చెవుల పక్కన పట్టుకున్న పిడుదుల్ని పొడుచుకు తినేవి. గోడ నెర్రెల్లో దాక్కున్న పిడుదు పిల్లల్ని కూడా వదిలేవి కావు. "మా ఆసుపత్రికి పోటీ పెట్టేవా ఏవిటి?" అని వెటకారమాడితే, "ఆయ్, మా డాక్టర్లు చీటీ రాయరండి, నేరుగా ముక్కుతోనే వైద్యం" అనేది. నోరు అలాంటిది మరి.

ఆ ఏడు వేసంకాలంలో వేదపండితులు అచ్యుతరామయ్య గారి కపిలావుకి పిడుదులు పట్టేయి. ఒంటి నిండా ఆముదం గింజల్లా వేలాడుతున్నాయి. ఏడోనెల చూలుతో ఉంది పాపం, రక్తం లేక పాలిపోయి మేత మానేసింది. నా దగ్గరున్నది పురుగుల పౌడరొక్కటే. పండితుల వారి ఇల్లాలు శ్యామలాంబ గారు చేతులు జోడించేసేరు. "ఆ మాటెత్తకండి ముత్యాలరాజు గారూ. కిందటేడు పౌడరు పూసిన తల్లిని నాకి దూడ చచ్చిపోయింది. ఇప్పుడు తల్లి కూడా పోతే నేను తట్టుకోలేను."

పౌడరు పూసేక దూడని నాకనివ్వకండని చెప్పడం అప్పుడు మర్చిపోయింది నేనే. పౌడరు డబ్బా సంచిలో పెట్టేసేను.

ఆవిడే జయమ్మకి కబురంపేరు. మడి కట్టుకునే ఇంటికి కోళ్ళు! ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. "ఇరవై రోజుల్లో ఆవు తేరుకోకపోతే ఇంక ఈ గంప పట్టనండి" అంది జయమ్మ. రోజూ పెరటి తడిక దగ్గర కోళ్ళని వదిలి, కొబ్బరికాయలు వలిచే పనికి పోయి, ఎండెక్కేక వచ్చి పట్టుకెళ్ళేది.

పదిరోజులైంది. పిడుదులు తగ్గకపోగా పెరిగేయి. కోళ్ళేమో సావిట్లో ఓ మూల కునుకు తీస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషమేసింది. సిగ్గులేని సంతోషం. కానీ పదకొండో రోజు ఆవు లేవలేకపోయేసరికి ఆ సంతోషం ఎగిరిపోయింది.

జయమ్మ ఏడుస్తూ ఓ కోడిని చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. "దీనికేదో రోగం తగిలిందండి, చూడండి." మెడ కింద సంచి తడిమి చూద్దును గదా, గట్టిగా నిండిపోయి ఉంది. "రోగమా పాడా! ఎవరో పీకల్దాకా మేపుతున్నారు దీన్ని" అన్నాను.

మర్నాడు పొద్దున్న ఇద్దరం తడిక వెనకాల నిలబడ్డాం. శ్యామలాంబ గారు ఇత్తడి గిన్నెతో వచ్చి, "తినండమ్మా, పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చేరు" అంటూ కోళ్ళకి పెరుగన్నం పెడుతున్నారు!

"ఎంత పని చేసేరండీ అమ్మగారూ!" జయమ్మ తడిక తోసుకుని వెళ్ళింది. "పెరుగన్నం తిన్న కోడి పిడుదునెందుకు ముట్టుకుంటుందండీ?"

"గడపలోకొచ్చిన ప్రాణిని పస్తులుంచడం మా ఇంటా వంటా లేదే!"

జయమ్మకి ఒళ్ళు మండింది. "పదిరోజుల్నించి నేనూ వస్తున్నాను కదండీ! మంచినీళ్ళు కావాలా అని ఒక్కనాడైనా అడిగేరా నన్ను?"

అనేసి, గిన్నె దగ్గర్నించి కోళ్ళని తోలేసింది. శ్యామలాంబ గారి ముఖం మాడిపోయింది. నేను నేల చూపులు చూసేను. ఆ ఇంటికెళ్ళినప్పుడల్లా కాఫీ తాగేవాణ్ణే, జయమ్మకేమిచ్చేరో ఏనాడూ చూడలేదు.

మర్నాటి నించి పెరుగన్నం బందు. అబ్బో, అప్పుడు చూడాలండీ ఆ కోళ్ళ పని! నాలుగోరోజుకి పొదుగు బయటపడింది, వారానికి ఆవు లేచి గడ్డి కొరికింది. నేను బలానికి మందిచ్చేను, అంతే నా వంతు. ఆషాఢంలో కోడెదూడని వేసింది.

ఎనభైల్లో జయమ్మ గంప కోసం మామిడికుదురు నించి కూడా మనుషులొచ్చేవారు. అందరికీ నేనే దారి చూపించేవాణ్ణి. అయితే మొట్టమొదట జయమ్మ ఇంటికి దారి చూపించమని నన్నడిగింది శ్యామలాంబ గారు. దూడ పుట్టిన మూడోరోజు, జున్ను గిన్నె స్వయంగా పట్టుకుని బయల్దేరేరు. ఆవిణ్ణి పేటలో చూసి జనం అరుగులెక్కేరు.

జయమ్మ గాబరాగా చాపేసింది. "ఇదిగో, అమ్మగారికి బొండం దింపు!" అని మొగుడి మీద కేకేసింది.

"బొండం వద్దే" అన్నారు శ్యామలాంబ గారు, చాప మీద కూర్చుంటూ. "దాహమేస్తోంది. నీ కుండలో నీళ్ళియ్యి."

జయమ్మ నా వైపు చూసింది. నేను తలూపేను. జయమ్మ గ్లాసుని మూడుసార్లు కడిగి, కుండలో ముంచిచ్చింది. శ్యామలాంబ గారు గటగటా తాగేసి, ఇంకో గ్లాసడిగేరు.