వెనక్కి తిప్పిన పుట్టి

మా మామ పోయాడని ఆయన కొడుకు పొద్దున్నే ఫోన్ చేశాడు. "రాత్రి తిన్నాడు, పండుకున్నాడు, మళ్లా లేయలేదు వదినా" అన్నాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. తుంగభద్ర రేవులో పుట్టి నడిపేవాడు. వెదురు అల్లి తారు పూసిన గుండ్రటి బుట్టలాంటి పడవ అది. ఎమ్మిగనూరు సంతకు వచ్చే అవతలి ఒడ్డువాళ్లు చాలామంది ఆయన్ను నమ్ముకునే ఏరు దాటేవారు. ఆయన పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ముందు ఎగువకు నడిచేవాడు. వెనకాల జనం సణిగేవారు. "ఏరు మనల్ని కిందికి తోస్తాదప్పా. పైన దిగితేనే రేవుకు తగుల్తాం, నడువు" అనేవాడు. లావుపాటివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. సిగ్గుపడితే "నీ బరువు నాకు తెలుసులేమ్మా, కూసో" అని నవ్వించేవాడు. నీళ్ల మధ్య లేచి నిలబడితే మాత్రం ఊరి పెద్దకైనా తిట్లే.

నా పెళ్లి అవతలి ఒడ్డున, రాయచూరు సీమలో. ముహూర్తం రోజు పొద్దున్నే అమ్మా నాన్నలతో పుట్టి ఎక్కాను. కాస్త దూరం పోగానే మామ తెడ్డు ఆపాడు. నీళ్లు ఎర్రబడుతున్నాయి, నురగలో చొప్ప కొట్టుకొస్తోంది. "పైన వరదొచ్చినట్టుంది" అని, ఎవరినీ అడగకుండా పుట్టిని వెనక్కి తిప్పేశాడు.

"ముహూర్తం తప్పితే పిల్ల గతేందన్నా?" అని అమ్మ ఏడ్చింది. అవతలి ఒడ్డు నుంచి మేళం వినబడుతూనే ఉంది.

తీరా చూస్తే వరద రాలేదు. రేవంతా నవ్వింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. "నాలుగు చొప్ప పుల్లలకు భయపడి నా పెళ్లి చెడగొట్టినావు మామా" అన్నాను.

"వరద రాలేదంటే మంచిదే గదమ్మా" అన్నాడు. అంతకుమించి సంజాయిషీ లేదు.

ఈ సంబంధమే వద్దని పెళ్లికొడుకు తండ్రి కబురు పెట్టాడు. నీళ్ల ఎరుపు తగ్గుతుండగా మామ ఒక్కడే దాటిపోయి ఆయన ముందు నిలబడ్డాడట. "కోపముంటే నా మీద సూపించు సామీ. పిల్లను దాటించేది నేను. ఎప్పుడు దాటించాలో గూడ నేనే సూసుకోవాల" అన్నాడట. చివరకు ఆయన "ఆయ్తు, రేపు తోడుకోనిరా" అని ఒప్పుకున్నాడట. మర్నాడు ముహూర్తం లేకుండానే నా పెళ్లయింది. అప్పటి నుంచీ ఈ రాయచూరు ఒడ్డునే కాపురం.

మొన్న ఫోన్ రాగానే నా భర్తా నేనూ రేవుకు పరుగెత్తాం. వంతెన మీదుగా చుట్టూ తిరిగిపోతే దహనం అయిపోతుంది. ఇప్పుడు పుట్టి నడిపేది మామ కొడుకే. మళ్లీ ఫోన్ చేశాడు.

"వదినా, నీళ్లు ఎర్రబడినాయి. ఈ పొద్దు పుట్టి దించలేను" అన్నాడు.

"కడసారి చూపు, కొంచెం బతిమాలు" అన్నాడు నా భర్త. నాకు ఏడుపు ఆగలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"వద్దులే నాయనా, దించొద్దు" అన్నాను.

ఒడ్డునే కూర్చున్నాను. అవతల మామ పుట్టి బోర్లించి ఉంది. దాని వెనక పొగ లేచింది. పొగ సన్నబడేదాకా చూస్తూనే ఉన్నాను. నీళ్లు పెరగలేదు.