కుంకుమ పెట్టిన రాయి

ఫ్యాను గాలికి డైరీ పేజీలు లేవకుండా నేను పెట్టుకునే రాయి మీద ఎర్రటి మరక ఒకటుంది. ఈ ఉదయం పనిమనిషి దాన్ని సబ్బుతో తోమబోతే వద్దన్నాను. అది ఒక ఆయుధపూజ నాటి మరక.

ఎమ్మిగనూరులో మా తమ్ముడిది మగ్గం ఇల్లు. వాడు పోయాక మరదలే నేస్తోంది. వాళ్లమ్మాయిది రాళ్ల మీద పరిశోధన. భూమి లోతుల్లో మరిగిన నీళ్లు పగుళ్ల వెంట పైకెక్కి చల్లారేటప్పుడు, మోసుకొచ్చిన లోహాలను అక్కడే వదిలేస్తాయట. అది ఎప్పుడు జరిగిందో, రాయిలో చేరిన సీసాన్ని కొలిచి చెప్పవచ్చట. ఆదోని దగ్గర ఎవరో రైతు బావి తవ్వుతుంటే బయటపడిన తెల్లరాతి చార నుంచి ఆ పిల్లకు పనికొచ్చే ముక్క ఒక్కటే దొరికింది. మళ్లీ వెళ్లేసరికి రైతు బావి లోపల చుట్టూ గోడ కట్టి ఆ చారను మూసేశాడు. ఇక ఆమె చదువంతా ఆ ముక్క మీదే ఆధారపడింది.

పండగనాడు అమ్మాయి తలంటుకొని వచ్చి చూస్తే, మగ్గం ముందు పోగును అటూఇటూ నడిపే నాడె, కత్తెర, వాటి పక్కన తన సుత్తి, సుత్తి పక్కన ఆ రాయి. అన్నిటికీ తడి పసుపు, కుంకుమ. మరదలి లెక్కలో కూతురి రాయి కూడా పనిముట్టే.

"మా, బజారు కుంకుమలో సీసం కలుపుతారు. నేను కొలిచేది ఆ సీసమే. పగులులోకి దిగిందంటే రాయి పనికిరాదు."

"నీ పుస్తకాలకు గూడా పెట్టినా. అవేమీ అనలేదే."

"తుడిస్తే ఇంకా లోపలికి పోతాది. ఇప్పుడే పగలగొట్టి లోపలి తునక తీసుకోవల్ల."

"పూజలో కూసోబెట్టిన పనిముట్టు రేపు పొద్దున దంకా ఎత్తేది లేదు. మీ నాయన ఎప్పుడన్నా ఎత్తినాడా? మీ పెదనాయన ఈడే ఉండాడు, అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. బడిలో ఎన్నో తగవులు తీర్చినవాణ్ణి, ఆ క్షణాన నన్ను వదిలేస్తే బాగుండుననిపించింది. "ఎత్తలేదు," అన్నాను. అది నిజం. అమ్మాయి ముఖం పాలిపోయింది. కుంకుమ నీరు సన్నగా పగులు వైపు జారుతోంది.

మరదలు కాసేపు ఆ ఎర్రటి చారనే చూసింది. తర్వాత మగ్గం గుంటలోకి దిగి, పూజలోని నాడె ఎత్తి, ఒకే ఒక్క పోగు నేసింది.

"ముందు నేనెత్తినా. దోసం నాకే రానీ. ఇంగ నీ సుత్తి నువ్వెత్తుకో మ్మే."

అమ్మాయి ఆ ముక్కను గడప రాయి మీద పెట్టి కొట్టింది. కుంకుమ గోరంత లోతులోనే ఆగిపోయింది. లోపలి తునక పరిశోధనశాలకు వెళ్లింది, కుంకుమంటిన పై పెచ్చు నా బల్ల మీదికి వచ్చింది.

నెలల తర్వాత అమ్మాయి ఫోన్ చేసి, రాయి వయసు వందల కోట్ల ఏళ్లని చెప్పింది.

"అన్నేండ్లు ఉన్నది ఒక్కరోజు ఆగలేకపాయనా?" అంది మరదలు.

వందల కోట్ల ఏళ్లు నా ఊహకు అందవు. ఆ ఎర్రనీరు పగులు దాకా జారిన కాసేపే నాకు ఇప్పటికీ చాలా పొడుగ్గా కనిపిస్తుంది.