జ్వరంలో వేసిన ఆకు

మా ఇల్లు భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమ్మ మిరప చేలకు కూలికి పోవడం మానేసి, ఉన్న ఎకరంలో మల్బరీ పెట్టింది. పట్టుపురుగులు పెంచుకుని, ఇక ఎవరి చేలోనూ నడుం వంచకుండా బతకాలని ఆమె పంతం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మల్బరీ అంటే పండ్లని సంబరపడ్డాను. తీరా చూస్తే, ఆకు కోసం పెంచే తోటలో కొమ్మను పండేదాకా ఉంచరట. "పండ్లు తిననీకి పెట్టిన్నా తోట?" అని అమ్మ కసిరేది.

పురుగు పెరిగేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. దాన్నే జ్వరం అంటారు. అప్పుడు పురుగు తట్టకు అతుక్కుని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. అన్నీ లేచేదాకా ఆకు వేయకూడదు, ముట్టుకోకూడదు.

మూడో జ్వరం ఆదివారం వచ్చింది. అమ్మ ప్రార్థనకు పోతూ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. నాకేమో లంకణమంటేనే ఒళ్లు మంట. నాకు మలేరియా వచ్చినప్పుడల్లా లంకణం పరమౌషధమని పడుకోబెట్టేవాళ్లు. ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాన్ని. తలలెత్తిన ఆ పురుగులను చూస్తే ప్రాణం ఉసూరుమంది. గంపెడు లేతాకు కోసుకొచ్చి పరిచాను. ఎంత పుణ్యం చేశానో అని మురిసిపోయాను కూడా. అమ్మ వచ్చే వేళకు, పుణ్యానికీ తిట్లు తప్పవని గుర్తొచ్చి, మిగిలిన ఆకు గబగబా ఏరేశాను. అతుక్కున్న పురుగులు చాలా ఊడొచ్చాయి.

వాటికి కుబుసం ఊడలేదు. ఒకదాని వెంట ఒకటి నల్లబడ్డాయి, రోగం మిగతావాటికీ పాకింది. పంటంతా గుంటలో పూడ్చాం. "మంచు తడి ఆకు నేనే తెచ్చిన్నేమో," అని అమ్మ తనను తానే తిట్టుకుంటుంటే నేను గుంటలోకి మట్టి తోస్తూనే ఉన్నాను. ఆమె మళ్లీ మిరప చేలకు పోయింది.

కోసేవాళ్లు లేక తోట ఏపుగా పెరిగి పండింది. ఓ సాయంత్రం అమ్మ కొంగునిండా నల్లటి పండ్లు తెచ్చి, "తిను బిడ్డా, అడుగుతుంటివి గదా," అంది. ఒకటి నోట్లో వేసుకున్నాను. రెండోది తీసినట్టే తీసి ఆమె కొంగులోనే పెట్టేశాను.

"జరంల ఆకేసింది నేనేనమ్మా."

"ఎందుకేసినవే?"

"ఆకలైతదని."

వీపు మీద రెండు చరిచింది. తర్వాత గడపలో కూలబడి ఏడ్చింది. దెబ్బల కంటే ఆ ఏడుపే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నెల తిరిగాక కొమ్మలు మొదలంటా కొట్టేసి, చిగురు ముదిరాక మళ్లీ పురుగులు తెచ్చింది. మూడో జ్వరం రోజు పొద్దున్నే కూలికి తయారై, పురుగుల షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది. దాన్ని తిరిగి ఆమెకే ఇవ్వబోయాను.

"ఇయ్యాలొక్కరోజు నువ్వుండమ్మా," అన్నాను.

"నేనెందుకే, నువ్వున్నవ్ గదా," అని వెళ్లిపోయింది.