ప్రింటరు ముందే ఇచ్చిన కాగితం

దయ్యాలనీ శకునాలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్ళుగా కంప్యూటర్లు, ప్రింటర్లు చూసుకుంటున్నాను. కాగితం రాలేదంటే వైరు ఊడి ఉంటుంది, లేదా ముందు పంపిందేదో అడ్డం పడి ఉంటుంది. అంతకు మించి నేను దేన్నీ నమ్మలేదు.

పోయిన ఏడాది మా నాన్న అదే దవాఖానలో, రెండో అంతస్తులో ఉన్నాడు. కొత్తవాడలో నలభై ఏళ్ళు జంపఖానాలు నేసిన మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇవాళో రేపో అని డాక్టర్లు చెప్పేశారు. మా ముస్లింలలో, పోయే మనిషి చెవిలో కొడుకు కలిమా చదవాలి, నోట్లో రెండు చుక్కలు జంజం నీళ్ళు పోయాలి. మా మేనమామ హజ్ నుంచి తెచ్చిన నీళ్ళ సీసా దగ్గర పెట్టుకుని మూడు రోజులు మంచం పక్కనే కూర్చున్నాను. నాకు మిగిలిన పని అదొక్కటే.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు కింద డిశ్చార్జి కౌంటర్ నుంచి కబురు వచ్చింది. ప్రింటరు ఆగిపోయిందట, క్యూలో ఇరవై కాగితాలు ఇరుక్కున్నాయట, ఇళ్ళకు వెళ్ళాల్సినవాళ్ళు గొడవ చేస్తున్నారట. సెలవులో ఉన్నానని చెప్పబోతే నాన్నే చెయ్యి ఊపాడు.

“పొయ్యి సూసి రా బిడ్డా. జర జల్ది రా.”

ఫోన్ చార్జింగ్‌లో ఉంటే అక్కడే వదిలేసి దిగాను. పది నిమిషాల పని అనుకున్నాను.

ప్రింటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాను, కదల్లేదు. క్యూలో అన్నిటికన్నా పైనున్న కాగితానికి పేరు లేదు, డిలీట్ కొడితే పోదు. చివరికి నెట్‌వర్క్ వైరు పీకేసి, సర్వర్‌లో క్యూ మొత్తం తుడిచేశాను. సున్నా చూపించింది. వైరు ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు ప్రింటరు ఒక్క కాగితం బయటికి తోసింది.

అది మా నాన్న డెత్ సమ్మరీ. పేరు, వయసు, బెడ్ నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చనిపోయిన సమయం 11:40 అని ఉంది. గోడ గడియారం చూశాను. పదకొండూ ఇరవై.

భయం వేయలేదు. ఒళ్ళు మండింది. మా దవాఖానలో ఎవరూ సమ్మరీ కొత్తగా టైపు చేయరు. పాత పేషెంట్‌ది తెరిచి, పేరు మార్చి, మిగతావి దిద్దుతారు. దిద్దడం మరిచిపోయి బతికున్నవాళ్ళను చంపేయడం మాకు కొత్త కాదు. మా నాన్నకూ అదే చేశారనుకున్నాను. పైకి వెళ్ళలేదు. ఆ కాగితం పట్టుకుని వెనక బ్లాకులో ఉన్న రికార్డ్స్ రూముకి, టైపిస్టు స్వరూప మీద అరవడానికి వెళ్ళాను.

ఆమె ఏడ్చినంత పని చేసింది. పొద్దటి నుంచి మా నాన్న ఫైలే తెరవలేదని ఒట్టేసింది. నేను నమ్మలేదు. ఆమెను లేపి, ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఫైళ్ళన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు.

పైకి వెళ్ళేసరికి పదకొండూ యాభై. ములుగు నుంచి వచ్చి పనిచేసే సిస్టర్ మంచం పక్కన నిలబడి ఉంది. సీసా మూత తీసి ఉంది.

“నీళ్ళు నేను పోసిన అన్నా. తాత రెండుసార్లు తలుపు దిక్కు సూసిండు.”

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

మధ్యాహ్నం అసలు సమ్మరీ నేనే ప్రింట్ తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు. కింద డాక్టరమ్మ పేరు కూడా అదే. నిజానికి ఆవిడకు ఆ రోజు డ్యూటీ లేదు. ఉన్న డాక్టరు అర్జెంటుగా ఇంటికి వెళ్ళాల్సి వస్తే పదకొండున్నరకు ఆవిడను పిలిపించారు. తర్వాత కంపెనీ ఇంజనీరు వచ్చి చూశాడు. ప్రింటరు లెక్కలో ఆ పేజీ ఉంది, పంపిన కంప్యూటరు మాత్రం ఏదీ లేదు.

అది ఎలా వచ్చిందో నేను చెప్పలేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఎవరు పంపినా, ఇరవై నిమిషాల ముందే నా చేతికి ఇచ్చారు. ఎక్కాల్సింది రెండంతస్తుల మెట్లే.

ఆ సిస్టర్‌ను ఒకసారి అడిగాను, నాన్న చెవిలో ఎవరైనా ఏమైనా చెప్పారా అని. తనకు కలిమా రాదని, అందుకే ఊరికే చెయ్యి పట్టుకుని నిలబడ్డానని చెప్పింది.